ముగ్గురూ ఒకచోట కూర్చుంటేనే

మా గోండుల వంశాల కథలు పాడేవాళ్ళు పర్ధాన్లు. ఇంట్లో మరాఠీ మాట్లాడినా కథ గోండీలోనే పాడతారు. పెద్దాయన మూడు తీగల కిక్రి మీద ఒక మాట ఎత్తుకుంటే పక్కాయన అందుకుంటాడు, పెప్రె ఊదే ఆయన దాన్ని సాగదీస్తాడు. ఎక్కడ ఆగాలో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటేనే తెలుస్తుంది.

బడి పిల్లల కోసం ఉట్నూరు వైపు నుంచి ముగ్గురిని గోదావరిఖనికి పిలిపించి రికార్డు చేయించాను. స్టూడియో అతను కిక్రి వేరే, గొంతు వేరే, పెప్రె వేరే తీసుకుందామన్నాడు. చెవిలో టిక్కు టిక్కుమని తాళం పెట్టాడు. పెద్దాయన రెండు మాటలు పాడి ఆపేశాడు.

"సార్, ఇది నేను ఎవరికి చెప్పాలె?"

చివరికి చాప పరిచి ముగ్గురినీ కూర్చోబెట్టి, నడుమ ఒక్క మైకు పెట్టాం. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగుకు కిటికీ అదిరింది, అదీ రికార్డులో పడింది. ఉండనిమ్మన్నాను.

అమెరికాలో పత్తి చేలల్లో చాకిరీ చేసిన నల్లజాతి వాళ్ళ పాట బ్లూస్. 1941లో ఆలన్ లోమాక్స్ మిసిసిపిలో ట్రాక్టరు నడిపే మడ్డీ వాటర్స్ గుడిసెకే మిషను తీసుకుపోయి రికార్డు చేశాడు. మడ్డీ 1943లో షికాగో చేరి తర్వాత బ్యాండు కట్టాడు. అందులో లిటిల్ వాల్టర్ మౌతార్గాన్ అతని గొంతుకు బదులు చెప్పేది, అచ్చం మన పెప్రె లాగే.

మా ఫైలు మీద ముగ్గురి పేర్లూ, ఊర్లూ రాయించాను. కథ మాత్రం పూర్తి కాలేదు. చివరి భాగం పెర్సపేన్ ముందు తప్ప పాడమన్నారు. అక్కడికే ఆపేశాం.