సెక్టర్ 4 నుండి ఏ కొండకు?

భిలాయి ఉక్కు నగరంలోని సెక్టర్ 4 వీధులలో సైకిలు నేర్చుకొన్నవానికి ఎగువ, దిగువ అనే మాటలు తెలియవు. సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున బల్లపరుపుగా పరచుకొన్న ఛత్తీస్‌గఢ్ మైదానంలో ఈ ఊరు వెలసింది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆనాటి నుండి షిఫ్టు వేళలకూ సైకిలు చక్రానికీ ఇక్కడ విడదీయరాని చుట్టరికం ఏర్పడింది. ఉత్తరాంధ్ర నుండి పొట్ట చేతపట్టుకొని వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ సెక్టర్లలో స్థిరపడ్డాయి. పక్కనే సెక్టర్ 5లో బాలాజీ మందిరం కూడా వెలసింది. క్వార్టరు నుండి కార్ఖానా గేటు వరకు వారిని మోసుకుపోయిన వాహనం చాలాకాలం సైకిలే.

నేడు ఆ పాత సైకిళ్ళ సరసన గేర్ల సైకిళ్ళు చేరాయి. తెల్లవారుజామున చెట్ల నీడల రోడ్లమీద ముప్పై నలభై కిలోమీటర్లు అలవోకగా చుట్టివచ్చేవారికి, ఏడాదికొకసారి దొరికే పది పన్నెండు రోజుల సెలవులో కొండదారి పట్టాలన్న కోరిక పుట్టడం సహజమే. కాని ఏ కొండదారి? తొందరపాటుతో చేసిన ఎంపిక సెలవును పాడుచేయడమే కాదు, ఒక్కొక్కప్పుడు ప్రాణానికే ముప్పు తెస్తుంది.

మొట్టమొదట నోటికి వచ్చే పేరు హిమాలయం. మనాలి నుండి లేహ్‌కు పోయే దారి దేశదేశాల సైకిలు యాత్రికులను ఆకర్షిస్తున్నది. మనాలి ఎత్తు సుమారు 2,000 మీటర్లు. దారిలో దాటవలసిన తగ్‌లంగ్ లా కనుమ ఎత్తు 5,300 మీటర్లకు పైమాట. 2,500 మీటర్లు దాటినది మొదలు గాలి పలుచబడి తలనొప్పి, వికారం, నిద్రలేమి బాధించవచ్చు. అశ్రద్ధ చేస్తే ఊపిరితిత్తులలోనూ మెదడులోనూ నీరు చేరి ప్రాణాపాయం కలుగుతుంది. 3,000 మీటర్లకు పైన, రాత్రి బసచేసే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఆగి విశ్రమించాలనీ వైద్యులు హెచ్చరిస్తారు. ఈ నియమానికి కండబలంతో నిమిత్తం లేదు. రోజూ ఉదయం వ్యాయామం చేసే పాతికేళ్ళ యువకుడినైనా ఆ జబ్బు విడిచిపెట్టదు. భిలాయి నుండి రైలులో రానూపోనూ పట్టే రోజులు, శరీరం ఎత్తుకు అలవాటుపడే రోజులు లెక్కకట్టి తీసివేస్తే, సైకిలు తొక్కడానికి మిగిలే దినాలు బహు స్వల్పం. నెలరోజుల వ్యవధి ఉన్నవారికే ఆ దారి తగినది.

నీలగిరులలో ఊపిరికి ఆ ఇబ్బంది లేదు. ఊటీ ఎత్తు 2,240 మీటర్లు మాత్రమే. అక్కడి చిక్కంతా వాలులో ఉన్నది. మసినగుడి నుండి కల్హట్టి మీదుగా ఊటీకి ఎక్కే దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. ఎక్కడం కష్టమే, దిగడం ప్రమాదకరం. మనిషి, సైకిలు, సామాను కలిసి 90 కిలోలు అనుకొందాం. ఆ బరువు 450 మీటర్ల ఎత్తు నుండి దిగివస్తే విడుదలయ్యే శక్తి, ఒక లీటరు చల్లని నీటిని మరిగించడానికి చాలుతుంది. అందులో కొంత గాలికి పోయినా, నెమ్మదిగా దిగేవారి విషయంలో అధికభాగం బ్రేకు రబ్బర్లలోనూ రిమ్ములోనూ వేడిగా మారుతుంది. ఎడతెరిపి లేకుండా బ్రేకు నొక్కి ఉంచితే రిమ్ము కాలి, ట్యూబు పేలిపోవచ్చు. మైదానంలో పెరిగిన చేతులకు ఈ సంగతి అనుభవం లేదు. దానిని అటువంటి మలుపులలో నేర్చుకోవాలనుకోవడం అవివేకం.

కాబట్టి కొండను ఎన్నుకొనేవారు శిఖరం ఎంత ఎత్తని గాక, దారి ఎంత వాలని అడగాలి. మన దేశంలో కొండప్రాంతపు రహదారులను నూటికి ఐదు వంతుల వాలుకు మించకుండా వేయాలన్నది ఇంజనీర్ల సాధారణ నియమం. తప్పనిసరి చోట్ల ఆరు, ఏడు వరకు పోనిస్తారు. పెద్ద లారీల కొరకు వేసిన రహదారి సైకిలుకు కూడా అనుకూలించడానికి కారణం ఇదే. ఆ పైన చూసుకోవలసినది గేరు. ముందు 44, వెనుక 18 పళ్ళున్న మామూలు సైకిలు, పెడలు ఒక చుట్టు తిరిగితే ఐదు మీటర్లకు పైగా ముందుకు సాగుతుంది. ముందు 30, వెనుక 30 పళ్ళున్న గేరులో రెండు మీటర్లు మాత్రమే సాగుతుంది. చుట్లు రెండున్నర రెట్లు పెరుగుతాయి. కాలిపై పడే భారం ఆ మేరకు తగ్గుతుంది. మోకాళ్ళను కాపాడేది ఈ లెక్కే.

ఈ కొలబద్దతో చూస్తే సెక్టర్ 4కు కొండలు దూరంగా లేవు. దక్షిణాన ఎనభై తొంభై కిలోమీటర్లలో దల్లీ రాజ్‌హరా ఉన్నది. భిలాయి కొలుములకు దశాబ్దాలుగా ఇనుప ఖనిజాన్ని అందించిన కొండలు అవి. రెండు రోజుల సెలవులో అక్కడికి పోయివస్తే కాళ్ళ శక్తి, సైకిలు శక్తి రెండూ తేలిపోతాయి. వాయవ్యాన కవర్ధా దాటిన తరువాత మైకల్ పర్వతపంక్తిలో చిల్పీ ఘాటు ఎదురవుతుంది. దారికి చేరువలోనే భోరమ్‌దేవ్ ఆలయం ఉన్నది. నర్మద, శోణ నదులకు పుట్టినిల్లుగా పేరుగన్న అమర్‌కంటక్ వేయి మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్నది. పెండ్రా రోడ్ స్టేషను వరకు రైలులో పోయి, అక్కడినుండి తొక్కుతూ ఎక్కవచ్చు. నాలుగైదు రోజుల సెలవు మాత్రమే ఉన్నవారికి ఇవి చక్కని స్థలాలు.

పది పన్నెండు రోజులు చేతిలో ఉన్న తెలుగు కుటుంబాల వారికి మాత్రం మరొక దారి ఉన్నది. రాయపూర్ నుండి ధమ్తరి, కాంకేర్, జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరుల మీదుగా విజయనగరం చేరే రహదారిని పూర్వం 43వ నెంబరు జాతీయ రహదారి అనేవారు. ఇప్పుడు దానిని ముక్కలుగా 30, 63, 26 నెంబర్లతో పిలుస్తున్నారు. నెంబర్లు మారినా దారి మారలేదు. సెక్టర్ 4లో బయలుదేరి, దుర్గ్, బాలోద్‌ల మీదుగా ధమ్తరి వద్ద ఈ దారిని కలుసుకొంటే, విజయనగరం వరకు సుమారు 550 కిలోమీటర్లు. రోజుకు అరవై డెబ్బై కిలోమీటర్ల చొప్పున ఎనిమిది తొమ్మిది దినాల ప్రయాణం.

ఈ దారిలోని గొప్ప సుగుణం ఏమంటే, కష్టాన్ని మెట్టుమెట్టుగా ఇస్తుంది. కాంకేర్ వరకు దాదాపు మైదానమే. ఆ తరువాత కేశ్‌కాల్ ఘాటులో పన్నెండు పెద్ద మలుపులు నాలుగైదు కిలోమీటర్లలో యాత్రికుని బస్తర్ పీఠభూమి మీదికి చేరుస్తాయి. పైన కొండగావ్, జగదల్‌పూర్‌ల వరకు సాల వృక్షాల నడుమ దారి మెల్లగా ఎగుడుదిగుడుగా సాగుతుంది. జగదల్‌పూర్‌లో ఒక రోజు ఆగితే, ముప్పై ఎనిమిది కిలోమీటర్లలో ఇంద్రావతి దూకే చిత్రకోట జలపాతాన్ని చూడవచ్చు. జయపురం నుండి కోరాపుట్‌కు రెండవ పెద్ద ఎక్కుడు. 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్ దాటితే, ఒడిశాలోకెల్ల ఉన్నతమైన దేవమాలి శిఖరం గల పర్వతసీమ వస్తుంది. చివరకు సుంకి ఘాటు గుండా సాలూరు వైపు సుదీర్ఘమైన దిగుడు. అప్పటికి రెండు ఘాట్లు అనుభవించిన చేతులకు దిగడమెలాగో తెలిసి ఉంటుంది. అయినా జయపురంలోగాని కోరాపుట్‌లోగాని బ్రేకు రబ్బర్లు కొత్తవి వేయించుకొనడం క్షేమం. దిగేటప్పుడు బ్రేకును పట్టి విడుస్తూ, ముందువెనుకలు మార్చి వాడుతూ, రిమ్ము చల్లారడానికి నడుమ నడుమ ఆగాలి.

ఈ దారికీ ఇబ్బందులు లేకపోలేదు. ఘాట్లలో లారీల రద్దీ ఎక్కువ. కేశ్‌కాల్‌లో అవి వరుసకట్టి నిలిచిపోయే సందర్భాలు తరచు కలుగుతాయి. వెలుగు రాగానే ఎక్కడం ప్రారంభించి, ఎండ ముదరక ముందే పైకి చేరుకోవాలి. బస్తర్ ప్రాంతంలో సాయుధ సంఘర్షణ ఏళ్ళ తరబడి సాగింది కనుక, ప్రధాన రహదారిని విడిచి తెలియని అడవిబాటలు పట్టకూడదు. చీకటి పడకముందే బస చేరాలి. వేసవి ఎండలలోనూ, జూన్ నడుమ మొదలయ్యే వానలలోనూ ఈ యాత్ర తలపెట్టరాదు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అయితే కోరాపుట్ ప్రాంతంలో రాత్రి చలి గట్టిగా ఉంటుంది, ఉన్నిబట్టలు అవసరం.

అంత దూరం తొక్కే ఓపిక లేనివారు, వయసు పైబడినవారు రైలులో విశాఖపట్నం చేరి, అనంతగిరి మీదుగా అరకు లోయకు 115 కిలోమీటర్ల దారిని రెండు మూడు రోజులలో ఎక్కవచ్చు. శృంగవరపుకోట దాటిన తరువాతగాని అసలు కొండ ఎదురుకాదు. కాఫీ తోటల నీడ, నడుమ నడుమ ఊళ్ళు ఉన్నాయి. ఒకే ఇంటిలో కొడుకు కేశ్‌కాల్ దారి పట్టి, తండ్రి అరకు దారి పట్టి, ఇద్దరూ విజయనగరంలో కలుసుకొన్నా తప్పులేదు.

తిరుగు ప్రయాణానికి 1931లో పూర్తయిన రాయపూర్–విజయనగరం రైలు మార్గం ఉన్నది. సైకిలును పార్సిలు ఆఫీసులో బుక్ చేసి బ్రేకువ్యానులో వేయించుకోవచ్చు. లగేజీ పెట్టె ఉన్న రైలేదో ముందుగా కనుక్కోవడం మంచిది. ఉక్కు కార్ఖానా పని వెతుక్కొంటూ ఉత్తరాంధ్ర నుండి ఎందరో ఈ పట్టాల మీదనే భిలాయికి వచ్చారు. రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా చుట్టుతిరిగే ఆ రైలుకు బస్తర్ కొండలు కనబడవు. ఆనాడు వారి వెంట వచ్చిన పిల్లలు, ఇక్కడనే పుట్టిన మనుమలు సొంత కాళ్ళతో ఆ కొండలు దాటి, సుంకి మలుపులు దిగి, దుకాణాల బోర్డుల మీద తెలుగు అక్షరాలు కనిపించే చోట సైకిలు నిలిపితే, పెద్దలు విడిచివచ్చిన ఊరు ఎంత దూరమో వారికి మొదటిసారిగా తెలుస్తుంది.