పలకరించే బెంచీ

ఉదయం ఆరు గంటలు. అమీర్‌పేటలో కరపత్రాలు పంచే కుర్రాళ్లింకా రాలేదు. మైత్రీవనం చుట్టూ సాఫ్ట్‌వేర్ కోర్సుల ఫ్లెక్సీలే పలకరిస్తున్నాయి. ఈ ఒక్క గంటా ఇక్కడి రోడ్లు పెద్దవాళ్లవి.

ఇక్కడ కోర్సు నేర్చుకుని అమెరికా విమానమెక్కిన పిల్లలెందరో! అలా పిల్లల్ని పంపిన అమ్మానాన్నలు కొందరు ఈ వెనక సందుల్లోని ఫ్లాట్లలోనే ఉండిపోయారు. వాళ్లకు సౌకర్యాలకేం లోటు లేదు. 2017లో మెట్రో వచ్చింది. అమీర్‌పేట తర్వాతి స్టేషనే పంజాగుట్ట, అక్కడే నిమ్స్ ఆసుపత్రి. వీధి చివరే మందుల షాపు. మరి, రాత్రి వీడియోకాల్‌లో మనవడు చెప్పిన కబురు ఎవరితో పంచుకోవాలి?

అందుకే పార్కులోని సిమెంటు బెంచీకి అంత విలువ. ‘నిన్న కనిపించలేదేం మాస్టారూ?’ అని అడిగేవాళ్లు అక్కడుంటారు. రెండ్రోజులు రాకపోతే ఇంటికెళ్లి తలుపు తడతారు.

ఆ పలకరింపు ఉత్త కాలక్షేపం కాదు. 1938లో మొదలై ఇప్పటికీ సాగుతున్న హార్వర్డ్ అధ్యయనం తేల్చిందీ అదే... ఆత్మీయ బంధాలున్నవాళ్లే మలివయసులో ఎక్కువ ఆరోగ్యంగా, సంతోషంగా ఉంటున్నారని. ఒంటరితనం మనసుకే కాదు, గుండెకూ చేటంటున్నారు వైద్యులు. పలకరించేవాళ్లు లేని పెద్దలకోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది. ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ఎనిమిదయ్యేసరికి రద్దీ మొదలు. చూపు ఆనని పెద్దాయన్ని చేయి పట్టుకుని రోడ్డు దాటిస్తారు నేస్తాలు. ‘రేపు ఆలస్యం చేయకండి’ అని గుర్తుచేసి మరీ ఇంటిదారి పడతారు.