చిటికెన వేలి సందు

తెల్లవారుజామున నాలుగున్నర. కాలవ గట్టు మీద ముసురు. కడియం దగ్గర ఓ ఊళ్లోంచి పాలాయన సైకిలు ధవళేశ్వరం వైపు బయల్దేరుతుంది. వెనక క్యారేజీకి అటూ ఇటూ రెండు క్యాన్లు. ఒంటిమీద రెయిన్‌కోటు, నెత్తిన మడత పెట్టిన యూరియా సంచి. ఇంత ఏర్పాటు చేసుకున్నా ఆయన ధ్యాస మాత్రం కాళ్ల మీదే. ఇంకా చెప్పాలంటే, ఎడమకాలి చిటికెన వేలికీ దాని పక్క వేలికీ మధ్యనున్న సందు మీద!

సైకిలు తొక్కేవాళ్లకి తెలిసిన సంగతే... పైనుంచి పడే వాన తడిపేది సగమే. మిగతా సగం కిందినుంచి వస్తుంది. ముందు చక్రం రోడ్డు మీది నీళ్లను తోడి తిన్నగా పాదాల మీద పోస్తుంది. రెయిన్‌కోటు అంచు నుంచి జారే ధార కూడా చివరికి చేరేది అక్కడికే. ముందు మడ్‌గార్డు చివర పాత ట్యూబు ముక్క కట్టి, నేలకు జానెడు ఎత్తు వరకూ వేలాడదీస్తే ఆ బెడద కొంత తగ్గుతుంది. తారురోడ్డు మీద అది బంగారమే. నల్లమట్టి దారిలోకి దిగితే మాత్రం కథ మారిపోతుంది. బురద టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య కూరుకుని చక్రం కదలదు. అడుగడుక్కీ దిగి పుల్లతో గీకాలి. అందుకే కొందరు వానాకాలం రాగానే మడ్‌గార్డులు ఊడదీసి అటకెక్కిస్తారు. ఈయన ఊడదీయలేదు. పుల్లని హ్యాండిల్‌కి కట్టుకున్నాడు.

అన్ని ప్రయోగాలూ అయ్యాయి. గంబూట్లు కొన్నాడు. మోకాళ్ల మీంచి జారిన నీళ్లు వాటిలోకి దిగుతాయి గానీ బయటికి రావు. చెరో శేరు నీళ్లు మోస్తూ తొక్కడమే. పాదాలకు పాలిథిన్ కవర్లు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేశాడు. గంటయ్యేసరికి వాన చేయని పని చెమట చేసింది. హవాయి చెప్పులు పెడలు మీద జారి, ఓసారి క్యాన్లతో సహా కాలవలోకి దింపబోయాయి. ఆఖరికి మిగిలినవి శాండక్ చెప్పులే. అవి నీళ్లను ఆపవు, అలాగని నిలవా ఉంచవు.

అంటే సైకిలు మీద కాళ్లు తడవకుండా ఉండటం జరిగే పని కాదని ఆయనకు యాభై దాటాక తేలింది.

ఇంత పట్టింపు ఎందుకంటే ఆయనది బోదకాలు. గోదావరి జిల్లాల వాళ్లకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. ఏ ఊళ్లో అయినా ఓ అరుగు మీద అలాంటి కాలు ఒకటి కనిపించేది. మురుగునీళ్లలో పెరిగే దోమ కుట్టడం వల్ల వచ్చే జబ్బు. 1955లోనే మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2004లో ఊరందరి చేతా ఏటా ఓసారి డీఈసీ మాత్రలు మింగించడం మొదలుపెట్టారు. మాత్రలు నెత్తుట్లో తిరిగే పిల్ల పురుగుల్ని చంపుతాయి. అప్పటికే లావెక్కిన కాలిని మాత్రం సన్నం చేయలేవు.

వాళ్లమ్మదీ అదే కాలు. ఊడ్పులకు వెళ్లేది. ఆషాఢంలో పాదాలకు గోరింటాకు, మిగతా రోజుల్లో పసుపు. అయినా గజ్జల్లో బిళ్ల కట్టి, చలిజ్వరం వచ్చి పడిపోయేది. అమావాస్యకీ పున్నానికీ కాలు పొంగుతుందని ఇంట్లో అందరూ నమ్మేవాళ్లు. జ్వరం తగ్గేది. కాలు మాత్రం ముందున్నంతకు దిగేది కాదు.

ఆయనకు అసలు సంగతి చెప్పింది ఆసుపత్రిలో ఓ నర్సమ్మ. "చంద్రుడి మీద పెట్టకండి బాబాయ్, వేళ్ల సందులు చూసుకోండి" అంది. నానిన సందు తెల్లబడి చిట్లుతుంది. ఆ చీలికలోంచి క్రిములు దిగుతాయి. ఆరోగ్యంగా ఉన్న కాలైతే తట్టుకుంటుంది. పురుగులు నాళాల్ని పాడుచేసిన కాలు తట్టుకోలేదు. జ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు ఓ మెట్టెక్కుతుంది. సబ్బుతో కడిగి, రుద్దకుండా, వేళ్ల మధ్య పొడిబట్టతో అద్దడం. సందులో చిట్లితే పూత మందు రాయడం. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇంచుమించు ఇదే. ఇందులో పైసా ఖర్చు లేదు, పూత మందుకి తప్ప.

ఖర్చు ఇంకోచోట ఉంది. ఏళ్ల తరబడి ఆయన ఆ కాలిని ఫుల్ ప్యాంటు కింద దాచాడు. వానలో కూడా మడత పెట్టేవాడు కాదు. ఇంట్లో పెళ్లీడుకొచ్చిన కూతురుంది. పాలు పోయించుకునేవాళ్లు ఏమనుకుంటారోనన్న బెంగ ఒకటి. తడిసిన కాలిని తుడుచుకోవాలంటే ఎక్కడో కూర్చోవాలి, ప్యాంటు పైకి లాగాలి, నలుగురికీ కనబడాలి. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించినప్పటి నుంచీ ఈ నేలకి నీళ్లకు కొదవలేదు. కాలు ఆరబెట్టుకునే చోటు దొరకడమే కష్టం.

రెండేళ్లు ఇల్లు చేరేదాకా ఆగాడు. అప్పటికి నాలుగు గంటలు నానేది. ఓ శ్రావణంలో వారం రోజులు మంచంపట్టాడు. పాలు పోయడానికి కూతురు వెళ్లింది, అదే సైకిలు మీద.

లేచిన తర్వాత మొదటి రోజు, సగం దారిలో ఓ పెద్దావిడ ఇంటి అరుగు మీద కూర్చుని, పాలిథిన్ కవర్లోంచి పొడి తువ్వాలు తీశాడు. ఇప్పుడు ఆ కవరు ఎప్పుడూ క్యారేజీ సంచిలోనే ఉంటుంది. ప్యాంటు మోకాలి దాకా మడిచాడు. పాలగిన్నెతో బయటికొచ్చిన ఆవిడ అలా చూస్తూ నిలబడింది.

"మీ అమ్మాయి చెప్పిందిలే అబ్బాయ్" అంది కాసేపటికి.

"ఆయ్" అన్నాడు తలెత్తకుండా.

ఆవిడ లోపలికెళ్లి చెంబుతో మంచినీళ్లూ, సబ్బూ, కాలు పెట్టుకోవడానికో పీటా తెచ్చింది. గిన్నె పక్కన పెట్టి, కళ్లజోడు సవరించుకుని వంగి చూసింది.

"ఆ చివరి వేలి దగ్గర ఇంకా తడుంది. సరిగ్గా అద్దు."