దాదాజాన్ బయాజు

మా దాదాజాన్ నిజాం కాలంలో గిర్దావరుగా పనిచేశారు. ఆయన ఆస్తిలో నా వంతుకు వచ్చింది ఒక బయాజు. నచ్చిన షేర్లు, ధాన్యపు లెక్కలు, పిల్లల పుట్టుకలు కలగలిపి వ్రాసుకున్న పుస్తకమది. కాగితం చెక్కుచెదరలేదు, సిరా వెలిసిపోలేదు. కాని అది షికస్తా వ్రాత. అక్షరాలు ఒకదానిలో ఒకటి కరిగిపోయి, చుక్కలు మాయమై ఉంటాయి. తెలుగు ఎం.ఎ. చదివిన నాకు అచ్చు ఉర్దూ కూడబలుక్కోవడం వచ్చును గాని ఇది రాదు. మా ఇంట దానిని చదవగలిగిన చివరి మనిషి, పెద్ద ఫుప్పూ, 2019లో గతించారు.

డి.ఎన్.ఏ.లో గ్రంథాలను భద్రపరచే శాస్త్రాన్ని గురించి చదివినప్పుడల్లా నాకా బయాజే జ్ఞాపకం వస్తోంది.

సూత్రం సులభమే. కంప్యూటరు సమస్తాన్నీ సున్నాలుగా, ఒకట్లుగా దాచుకుంటుంది. డి.ఎన్.ఏ.కు ఎ, సి, జి, టి అని నాలుగే అక్షరాలు. ఆ అంకెలను ఈ అక్షరాలలోకి మార్చి, అదే వరుసలో ప్రయోగశాలలో పోగులు తయారుచేస్తారు. ("పుస్తకం పిల్లలు పెడుతుందా సార్?" అని ఒక విద్యార్థి అడిగాడు. పెట్టదు, అందులో జీవకణమేదీ ఉండదు.) 2012లో హార్వర్డ్‌లో జార్జ్ చర్చ్ బృందం ఒక పుస్తకాన్ని ఇలా నిక్షేపించింది. మరుసటి ఏడు ఇంగ్లండులో నిక్ గోల్డ్‌మన్ బృందం షేక్‌స్పియర్ 154 సానెట్లను డి.ఎన్.ఏ.లోకి ఎక్కించి, తిరిగి చదివి చూపింది. ఒక్క గ్రాములో 215 పెటాబైట్లు, అనగా 21.5 కోట్ల గిగాబైట్లు, ఇముడుతాయని 2017లో లెక్క తేలింది. మన్నిక మాటకొస్తే, సైబీరియా మంచులో పదిలక్షల యేండ్లకు పైబడిన మామత్ దంతాలనుండి డి.ఎన్.ఏ.ను 2021లో చదివారు. నా ఎం.ఎ. వ్యాసం దాచుకున్న సి.డి. పదిహేనేళ్ళకే మూగబోయింది!

ఇక వ్రాయడం మహా ఖరీదు, మహా నెమ్మది. 2019లో ఒక స్వయంచాలక యంత్రం "హలో" అన్న అయిదు ఇంగ్లీషు అక్షరాలను వ్రాసి చదవడానికి 21 గంటలు పట్టింది. ఆ వ్యవధిలో మన కాతిబు సాహెబులు ఒక పత్రికనే ముగించేవారు.

వైద్యానికి అవసరం గనుక డి.ఎన్.ఏ.ను చదివే యంత్రాలు ఎన్నటికీ ఉంటాయని శాస్త్రజ్ఞుల ధీమా. నిజమే కావచ్చు. అయితే చర్చ్ పద్ధతిలో ఎ గాని, సి గాని సున్నా. జి గాని, టి గాని ఒకటి. గోల్డ్‌మన్‌ది మూడంకెల లెక్క. ఒకరి తాళపుచెవి మరొకరి తాళానికి పట్టదు. ఆ చెవిని ఎక్కడ వ్రాసిపెడతారు? దానిని ఎవరికి నేర్పుతారు?

విద్యార్థులారా, మీ ఇళ్ళలో ఇటువంటి బయాజులుంటే చదవగల పెద్దలుండగానే వారి ముందు పెట్టండి. నేను ఆలస్యం చేశాను. ఇప్పుడు ప్రతి జుమా నమాజు తరువాత ఒక విశ్రాంత ఉర్దూ పండితుని వద్ద షికస్తా నేర్చుకుంటున్నాను. ఇంతవరకు పదకొండు పుటలు తేలాయి. నాలుగో పుటలో మా అబ్బా పుట్టిన రోజు దొరికింది. సంవత్సరం ఫసలీలో ఉంది, 1358. 590 కలిపితే గాని మన లెక్కకు రాదు. బడి రికార్డులో ఆయనకు రెండేళ్ళు తక్కువ వేశారు. ఆ రోజు వాన కురిసిందట.