రోజా, మాత్ర, మెదడు సిరలు

రమజాన్ నెలవంక కనిపించకముందే మన ఇళ్ళలో కొందరు స్త్రీలు రుతుస్రావాన్ని వాయిదా వేసే మాత్రలు మెడికల్ షాపు నుంచి తెప్పించుకుంటారు. ఒక్క రోజా కూడా తప్పిపోకూడదన్న ఆరాటమే దానికి కారణం. హజ్, ఉమ్రా ప్రయాణాలకు ముందూ ఇదే జరుగుతుంది. ఆరాటం మంచిదే. అయితే ఆ మాత్ర కొందరి రక్తంలో ఏమి చేయగలదో 2019 రమజాన్‌లో వట్లూరులో మా ఇంటనే చూశాను గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆ యేడు రమజాన్ మే నెలలో వచ్చింది. చివరి రోజాలు రోహిణీ కార్తె ఎండలలో పడ్డాయి. మా తమ్ముని కోడలు, ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఆ మాత్రలు వేసుకుంటూ రోజాలు పాటిస్తోంది. ఆఖరి పది దినాలలో తలనొప్పి మొదలైంది. పడుకుంటే ఎక్కువయ్యేది, దగ్గితే తల పగిలిపోతున్నట్లుండేది. రెండు చోట్ల చూపించాము. ఒకరు పైత్యమన్నారు, మరొకరు ఉపవాసపు నీరసమన్నారు. మూడవ నాడు చూపు మసకబారి, వాంతులై, ఎడమచేయి కొట్టుకుంటూ మూర్ఛ వచ్చింది. విజయవాడ తీసుకువెళ్ళాము. సీటీ స్కాన్‌లో పెద్దగా ఏమీ తేలలేదు. అక్కడి న్యూరాలజిస్టు, “అమ్మాయి హార్మోను మాత్రలేమైనా వాడుతోందా?” అని అడిగారు. కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరకు అత్తగారే చెప్పింది. వెంటనే ఎం.ఆర్. వీనోగ్రామ్ వ్రాశారు.

ఇది ఎం.ఆర్.ఐ. యంత్రంలోనే తీసే పరీక్ష. ఎక్స్‌రే కిరణాలు ఉండవు. బలమైన అయస్కాంతం, రేడియో తరంగాలు పనిచేస్తాయి. కదలక ఉన్న కణజాలపు సంకేతాన్ని అణచివేసి, ప్రవహించే రక్తం మాత్రమే తెల్లగా మెరిసేటట్లు చిత్రిస్తారు. అనేక సందర్భాలలో సూదిమందు కూడా అవసరం లేదు. లోహమేదీ ఒంటిమీద ఉండరాదు. ముక్కుపుడక, చెవి కమ్మలు, బురఖాకు పెట్టుకున్న పిన్నులు అన్నీ తీయాలి. స్త్రీ సిబ్బంది కావాలని ముందే అడిగితే సాధారణంగా కాదనరు; సిగ్గుపడి పరీక్ష మానుకోవద్దు.

డాక్టరు ఆ చిత్రాన్ని నాకు చూపించారు. నడినెత్తి మీదుగా వెనక్కు వచ్చే పెద్ద సిర, అది రెండుగా చీలి చెవుల వెనుక నుంచి మెడలోకి దిగుతుంది. మా కొల్లేటి ప్రాంతంవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళన్నీ కొల్లేరుకు చేరి ఒక్క ఉప్పుటేరు గుండానే సముద్రానికి పోవాలి. ఉప్పుటేరు పూడుకుంటే నీరు వెనక్కు ఎగదన్ని పొలాలు మునుగుతాయి. మెదడు నుంచి రక్తం తీసుకుపోయే దారిలో గడ్డ కట్టినా అంతే: లోపల ఒత్తిడి పెరుగుతుంది, వాపు వస్తుంది, ఒక్కొక్కసారి రక్తస్రావమూ జరుగుతుంది. మా అమ్మాయి చిత్రంలో కుడివైపు తెల్లని గీత లేనే లేదు. కొందరికి పుట్టుకతోనే ఒకవైపు సిర సన్నగా ఉంటుందట. అందుకే మామూలు ఎం.ఆర్.ఐ.తో సరిచూసుకుని గడ్డేనని నిర్ధారించారు.

చికిత్స హెపారిన్ సూదులు. ఆ మందు అధికభాగం పంది పేగుల లోపొర నుంచి తీస్తారని ఎవరో చెప్పగా, అమ్మాయి తండ్రి నన్ను పక్కకు పిలిచి, “మౌలానా సాబ్, ఇది మనకు ధర్మసమ్మతమేనా?” అని వణుకుతున్న గొంతుతో అడిగాడు. ప్రాణాపాయంలో గత్యంతరం లేనివానిపై పాపం లేదని బఖరా సూరాలో అల్లాహ్ స్పష్టం చేశాడు. నిషిద్ధ పదార్థాన్ని కోరి తినడం వేరు, ప్రాణం నిలుపుకోవడం వేరు. “ఆలస్యం చేయకండి, వేయించండి” అన్నాను. ఇటువంటి సందేహంతో ఎవరూ ఒక్క గంట కూడా వృథా చేయరాదు.

ఇక మాత్రల విషయం. హాని లేదని వైద్యులు చెబితే వాడుకోవచ్చునని అనేకమంది ధర్మవేత్తలు అనుమతించారు. నేను దానిని హరామ్ అనడం లేదు. కాని అవసరం ఏమిటి? రుతుదినాలలో తప్పిన రోజాలను తర్వాత పూర్తిచేసుకోవాలని, నమాజులను అక్కరలేదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. హజ్ ప్రయాణంలో తనకు రుతుస్రావం వచ్చి ఏడ్చినప్పుడు, ఇది ఆదం కుమార్తెలకు అల్లాహ్ వ్రాసినదని దైవప్రవక్త (స) ఆమెను ఓదార్చారు. తవాఫ్ తప్ప మిగిలిన విధులన్నీ చేయమన్నారు. ఆ దినాలలో రోజా మానడం కూడా విధేయతే. మన జుమా ప్రసంగాలలో ఈ మాట వినిపించడం అరుదు.

ఇది స్త్రీలకే వచ్చే జబ్బు కాదు. హైదరాబాదు నిమ్స్ వైద్యులు 2012లో 428 మంది రోగుల వివరాలు ప్రచురించారు. అందులో సగానికి పైగా పురుషులే. కారణాలలో రక్తహీనత ముఖ్యమైనది, గర్భనిరోధక మాత్రలూ ఉన్నాయి. బాలింతలకూ ఈ ప్రమాదం ఎక్కువ. పథ్యం పేరిట బాలింతకు మంచినీళ్ళు తగ్గించే ఇళ్ళు మన ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. ఇది పెద్దలకు నచ్చజెప్పవలసిన సంగతి.

మా అమ్మాయి రక్తం పలుచబరిచే మాత్రలు ఆరు నెలలు వాడింది. మళ్ళీ వీనోగ్రామ్ తీయగా కుడివైపు సన్నగా తెల్లని గీత కనిపించింది. డాక్టరు అనుమతించాక, డిసెంబరు పొట్టి పగళ్ళలో తప్పిన రోజాలకు ఖజా మొదలుపెట్టింది. నడుమ రుతుదినాలు వస్తే ఆపి, తిరిగి మొదలుపెట్టి పూర్తిచేసింది.