వాకిట్లో చీమల కాపురం

తెల్లారి ఐదున్నరకి ఆవిడ చీపురు పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి రాళ్ల సందుల పక్కన మళ్లీ ఇసుక కుప్పలు! నిన్న సాయంత్రమే తుడిచింది. ఒక్కో కుప్ప గుప్పెడు కూడా ఉండదు. నడుమ చిన్న చిల్లు. అందులోంచి నల్లచీమలు వరసగా పైకొచ్చి, నోట పట్టుకొచ్చిన రేణువును పడేసి మళ్లీ లోపలికి పోతున్నాయి.

‘ఓలమ్మ... రేతిరి నిద్దర్లు లేవేటి వీటికి’ అనుకుంది.

వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రం హోరు వినిపించేంత దూరంలో ఉంది ఆ ఇల్లు. ఒకప్పుడు ఆ వాకిట్లో నాలుగు కొబ్బరిచెట్లు ఉండేవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నాలుగూ కూలిపోయాయి. ఉద్దానం అంతటా అదే కథ. కొబ్బరి, జీడి, పనస... తాతలు వేసిన తోటలు ఒక్క పూటలో నేలమట్టమయ్యాయి. ఖాళీ అయిన ఆ వాకిలిని చూడలేక ఆయన రాళ్లు పరిపించారు. టెక్కలి నీలి గ్రానైట్. మంచి పలకలు ఓడలెక్కి విదేశాలకు పోతాయి. అంచులు విరిగినవి, వంకర పోయినవి ట్రాక్టరెక్కి ఇలాంటి వాకిళ్లకు వస్తాయి. జీడిపిక్కలు ఆరబెట్టుకోవచ్చు, వానొస్తే కాళ్లకు బురద అంటదు అన్నది ఆయన లెక్క.

కానీ పనివాళ్లు ఇసుక నేల మీద ఇసుకే పోసి, పైన రాళ్లు పేర్చి వెళ్లిపోయారు. చీమకు అంతకంటే ఏం కావాలి? తవ్వుకోవడానికి మెత్తటి ఇసుక, నెత్తిన గట్టి కప్పు. పగలంతా ఎండ తాగిన రాయి రాత్రి కూడా వెచ్చగా ఉంటుంది. గుడ్లకు, పిల్లలకు ఆ వెచ్చదనం హాయి. అవి రోజుకు చిటికెడు చొప్పున ఇసుక తోడేస్తుంటే కింద డొల్ల ఏర్పడుతుంది. వాన నీరు ఆ డొల్లలోకి దిగుతుంది. రాయి ఒక మూల కుంగుతుంది, రెండో మూల లేస్తుంది.

అలా లేచిన మూలే ఓ రోజు ఆయన కాలికి తగిలింది. ఆయన వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస వెళ్లొస్తారు. తిరిగొచ్చేసరికి ఒంట్లో సత్తువ ఉండదు. ఆటో దిగి గుమ్మం దాకా నడిచే ఆ ఇరవై అడుగులే పెద్ద ప్రయాణం. ఆ రోజు ఆవిడ చెయ్యి పట్టుకుంది కాబట్టి మోకాలు గీరుకోవడంతో పోయింది.

సంగతి తెలిసి విశాఖ నుంచి కొడుకు వచ్చాడు. వస్తూ వస్తూ కాశీబుగ్గలో ఓ మందు పొట్లం కొనుక్కొచ్చాడు.

‘‘సందుల్లో చల్లేస్తే సరిపోద్దమ్మా. వారంలో ఒక్క చీమ కనబడదు.’’

‘‘ఆ నుయ్యి ఎంత దూరం ఉంది నాయినా?’’ అందామె.

పది అడుగులు. అదీ ఇసుక నేల. పైన పోసింది కిందికి దిగడానికి ఎంతసేపు? ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు ఇదీ కారణమని వైద్యులు ఇప్పటికీ కచ్చితంగా తేల్చలేదు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, మండుటెండలో చాకిరీ అన్నారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. చీమల మందు వల్లే జబ్బు వస్తుందని ఎవరూ అనలేదు, ఆవిడా అనలేదు. కానీ గ్లాసు కొలతతో నీళ్లు తాగే మనిషి ఉన్న ఇంట్లో నూతి పక్కన విషం చల్లడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఒకప్పుడు ప్రతి ఇంట్లో గమాక్సిన్ డబ్బా ఉండేది. చంటిపిల్లల మంచాల కింద కూడా చల్లేవారు. ఆ బీహెచ్‌సీని 1997లో నిషేధించారు. దాని తోబుట్టువు లిండేన్ వాడకం 2013లో ఆగింది. అప్పట్లో అదీ ‘ఏమీ కాదు’ అన్న మందే మరి.

ఆయన మంచం మీద నుంచే నవ్వారు. ‘‘తోటలో చీమలు మనకి కాపలాదార్లురా’’ అన్నారు. నిజమే. జీడి ఆకులు కలిపి గూడు కట్టే ఎర్రచీమలు, పూత మాడ్చేసే టీ దోమను దగ్గరికి రానివ్వవు. ‘‘తోటలో ఉంటే ఉండనీ, దారిలో వద్దు’’ అంది ఆవిడ.

పొట్లం విప్పకుండానే తిరిగి విశాఖ వెళ్లింది. కొడుకు మాత్రం రెండు రోజులు ఉండిపోయాడు. ముందు కుంగిన రాళ్లు గడ్డపారతో లేపాడు. కింద బియ్యపు గింజల్లా తెల్లటి గుడ్లు. వాటిని నోట కరుచుకుని చీమలు ఒకటే పరుగు. మరిగే నీళ్లు పోస్తే పైనున్నవి పోయాయి గానీ, రాణి ఎక్కడో లోతులో ఉంటుంది. అందుకని పచారీ కొట్టులో వెలిగారం తెచ్చి, పది చెంచాల బెల్లం పాకంలో అర చెంచా కలిపి, మూతకు చిల్లులు పెట్టిన డబ్బాలో పోసి, పిల్లలకు అందకుండా గోడ వారన రాయి కింద పెట్టారు. వెలిగారం ఎక్కువైతే తిన్న చీమ అక్కడే చస్తుంది. తక్కువైతేనే మోసుకెళ్లి రాణికి పెడుతుంది. పది రోజులు పట్టింది. వెలిగారమూ విషమే కదా అని కొడుకు దెప్పాడు. ‘‘అది డబ్బాలో ఉంది, నేల మీద లేదు’’ అంది ఆవిడ.

ఆపైన అసలు పని. నాలుగు అంగుళాల ఇసుక తీసేసి, టెక్కలి నుంచి తెప్పించిన క్రషర్ డస్ట్ పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టారు. గరుకు రాతిపొడి ఒకదానితో ఒకటి పట్టుకుంటుంది, చీమ తవ్వడం కష్టం. నీరు వీధి వైపు పోయేలా కాస్త వాలు ఇచ్చి రాళ్లు పరిచారు. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఏటి ఇసుక పొడిగా కలిపి చీపురుతో సందుల్లోకి తోసి, రాళ్లు శుభ్రంగా తుడిచాకే నీళ్లు చిలకరించారు. సముద్రపు ఇసుక దీనికి పనికిరాదు, ఉప్పుంటుంది. మూడు రోజులు తడి ఆరనివ్వలేదు.

నెల తర్వాత గుమ్మం ముందు మళ్లీ చీమల బారు! ఆవిడ గుండె గుభేలుమంది. వంగి చూస్తే సందులన్నీ గట్టిగానే ఉన్నాయి. చీమలు మోసుకుపోతున్నది ఇసుక కాదు, పిండి. పొద్దున్నే తను వేసిన బియ్యప్పిండి ముగ్గు. అత్తగారి కాలం నుంచీ ఆ ఇంట్లో అదే ముగ్గు. చీమలకింత పెట్టినట్టుంటుందని ఆ ముసలావిడ అనేది. ఇన్నాళ్లూ పిలిచి పెట్టింది తనేనన్నమాట!

ఇప్పుడు గుమ్మం ముందు ముగ్గురాయి పొడి. గేటు అవతల, కొత్తగా నాటిన కొబ్బరిమొక్క పక్కన బియ్యప్పిండి ముగ్గు. జీడిపిక్కలు తీశాక పండ్లు వాకిట్లో కుప్పపొయ్యడం మానేసింది. వానాకాలం వెళ్లాక పగిలిన సందుల్ని వెతికి మళ్లీ పూడుస్తుంది.

మొన్న డయాలసిస్ నుంచి వచ్చిన ఆయన ఆటో దిగి, వాకిలి సగం దాటాక అలవాటుగా ఆ రాయి దగ్గర ఆగారు. ఆవిడ చెయ్యి అందించబోయింది. ‘‘ఉండు’’ అని మడమతో రాయిని ఒకసారి నొక్కి చూసి, తనే లోపలికి నడిచారు.