ఎల్లారెడ్డి పొలములలో ఒక చిన్న విమానము

హైదరాబాదునుండి ఉత్తరముగా నాగపూరు పోవు 44వ జాతీయ రహదారి వెంట మేడ్చల్, తూప్రాన్, రామాయంపేట, భిక్కనూరు దాటినచో కామారెడ్డి వచ్చును. దూరము సుమారు 110 కిలోమీటర్లు. రైలులో వచ్చువారికి నిజాము ప్రభుత్వ కాలమున వేసిన గోదావరిలోయ మార్గము కలదు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ వఱకు ఇది నిజామాబాదు జిల్లాలోని ఊరు; ఆ దినమునుండి తానే ఒక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఇచ్చటి బెల్లపు అంగడి చిరకాలమునుండి పేరుమోసినది. చూడదగిన వానిలో దోమకొండ గడికోట ఒకటి. చక్కగా బాగుచేయించిన కారణమున దానికి 2022లో యునెస్కో వారి ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారము లభించినది. కోటలను గూర్చి వ్రాయువారు పలువురు గలరు గనుక మేము దానిని ఇంతటితో విడిచి, మా ప్రయాణమునకు అసలు కారణమైన వింతను చెప్పెదము.

ఎల్లారెడ్డిలో మా చెల్లెలు కాపురమున్నది. ఆమె కుమార్తె కామారెడ్డిలో ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరము చదువుచున్నది. 2025 మార్గశిర మాసమున మేమును మావారును కామారెడ్డిలో దిగగా, ఆ పిల్ల మమ్ములను నేరుగా ఇంటికి గాక ఒక ఫ్లెక్సీ బోర్డుల దుకాణమునకు తీసికొనిపోయినది. అచ్చట మూలబడిన సన్‌ప్యాక్ షీటు ముక్కలను ఏరి, కట్టకట్టి, దుకాణదారునకు ఇరువది రూపాయలిచ్చి చంకన పెట్టుకొన్నది. ఎందులకని మేమడుగగా, “విమానం పొట్టకు, పెద్దమ్మా” అని సమాధానము.

లింగంపేట మీదుగా బస్సు ఎల్లారెడ్డికి పోవును. లింగంపేటలో నాగన్న బావి యను మెట్ల బావి యున్నది. సోదరీమణులు ఈ త్రోవను పోవునపుడు ఒక అరగంట దిగి చూడదగును. త్రోవ పొడవునను ఆ సంవత్సరపు వరదల జాడలు కానవచ్చినవి. 2025 ఆగష్టు నెల చివర ఈ ప్రాంతమున కుండపోతగా వాన కురిసి, కామారెడ్డి చెంత రైలుమార్గము తెగి రాకపోకలు నిలిచిపోయిన సంగతి పత్రికలలో చదివియే యుందురు. నాగిరెడ్డిపేట ప్రక్కనున్న పోచారము చెఱువుకట్ట 1922లో ముగిసినది. నూఱేండ్లు దాటిన ఆ కట్ట అంత నీటిని మీదినుండి పోనిచ్చియు నిలిచినది. మా చెల్లెలి ఇంటి వసారాలోనికి మోకాలిలోతు నీరు వచ్చినదట. బియ్యపు బస్తాలు తడిసినవి, పుస్తకములు తడిసినవి. పిల్ల దాచుకొన్న థర్మోకోలు దిమ్మెలు మాత్రము హాయిగా తేలుచు నుండెనట. “ఇంట్ల అక్కరకొచ్చేవన్నీ మునిగినై, అక్కరకు రానిది తేలింది” అని మా చెల్లెలు కోపముతో చెప్పినది.

ఆ కోపమునకు కారణమున్నది. కమ్మలు చేయింతమని తల్లి చీటీ కట్టి కూడబెట్టిన సొమ్ములోనుండి, కమ్మలకు మాఱుగా పిల్ల ఈ విమానపు సామగ్రి కొనిపించుకొన్నది. ట్రాన్స్‌మిటరు, రిసీవరు, మోటారు, బ్యాటరీ, ఛార్జరు అన్నియు కలిసి పదివేల రూపాయలకు కొంచెము తక్కువ. సొమ్ము మాట అటుండనిండు. ఇంటర్మీడియెట్ ముగియగానే విమానముల ఇంజనీరింగు చదువుదునని పిల్ల పట్టుబట్టినది. మా చెల్లెలికి అది గిట్టదు. 2023 డిసెంబరు 4వ తేదీన తూప్రాన్ దగ్గఱి రావెల్లి గ్రామమున వాయుసేనవారి పిలాటస్ శిక్షణ విమానము కూలి, నేర్పువాడును నేర్చుకొనువాడును ఇద్దఱును మరణించిరి. దుండిగల్ అకాడమీనుండి బయలుదేరిన విమానమది. “అక్కా, ఆ పొగ చూసినోళ్ళు మన బస్సులనే వచ్చిండ్రు. నువ్వన్న చెప్పు, నా మాట వినది” అని ఆమె మమ్ములను బతిమాలినది. విమానము చేయువారు వేఱు, ఎక్కువారు వేఱు అని మేమనిన మాట ఆమె చెవికెక్కలేదు. ఈ బొమ్మ విమానము ఎగురకున్నచో మఱల ఆ మాట ఎత్తరాదని తల్లీకూతుండ్ర నడుమ ఒప్పందము కుదిరినది. మమ్ములను పిలిచినది దానికి సాక్షులుగా.

ఇక ఆ విమానమును గూర్చి. మొదటిసారి నేర్చుకొనువారి విమానమును శిక్షణ విమానమందురు. అది వేగముగా పోరాదు. ఒరిగినచో తనంతట సర్దుకొనవలెను. పడినచో సులువుగా అతుకుపడవలెను. రెక్క పొట్టకు మీదుగా నుండుట, రెక్కకొనలు కొంచెము పైకెత్తియుండుట ఇందుకొఱకే. విమానము ఒక ప్రక్కకు ఒరిగినచో ఆ ప్రక్కకే జారును. జారునపుడు క్రిందనున్న రెక్కకు గాలి ఎక్కువ ఏటవాలుగా తగిలి దానిని పైకెత్తును.

పిల్ల చేసిన రెక్క పొడవు 46 అంగుళములు, వెడల్పు 8 అంగుళములు. థర్మోకోలును కత్తితో కోసినచో గింజలు గింజలుగా రాలును. అందుచేత వెదురు విల్లునకు నైక్రోము తీగ బిగించి, తక్కువ వోల్టుల విద్యుత్తుతో ఆ తీగను వేడిచేసి, వెన్నను కోసినట్లు కోసినది. దిమ్మెకు రెండు కొనలను ప్లైవుడ్డు అచ్చులుండును. తీగ ఆ అచ్చుల అంచున జారుచు పోయినచో కావలసిన వంపు వచ్చును. అడుగు ఇంచుమించు చదునుగను, పైభాగము ఉబ్బుగను ఉండు ఈ వంపునకు క్లార్క్ వై అని పేరు. 1922లో అమెరికా దేశపు వర్జీనియస్ క్లార్కు కల్పించినది. పొడవునకు వెదురు బద్దను లోన పొదిగి, పైన ప్యాకింగు టేపు అంటించినది. అతుకులకు ఫెవికాలే వాడవలెను. ఫెవిక్విక్ చుక్క పడినచో థర్మోకోలు కరగి గుంటపడును. రంధ్రములు చేయుటకు వెలిగించిన అగరువత్తి చాలును. ఇందులో మనకు తెలియని పని ఏదియు కానరాదు. 1903లో ఎగిరిన రైటు సోదరుల విమానమునకు సయితము రెక్కలు మస్లిను గుడ్డతో కుట్టినవే, అదియును కుట్టుమిషను మీద. వారికి పనిముట్లు పట్టుట నేర్పినది తల్లి సూసాన్ గారట. బండ్లు చేయువాని కూతురగుటచే ఆమెకు చేతిపని బాగుగా తెలియును. తన కుమారులు ఎగిరిన నాటికి పదునాలుగేండ్లకు ముందే, 1889లో, ఆమె కాలము చేసినది.

విమానమును నేలనుండి నడపు విద్య కూడ క్రొత్తది కాదు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో ఒక చిన్న పడవను తీగలు లేకుండ నడిపి చూపెను. 1937లో అమెరికాలోని వాల్టరు, విలియం గుడ్ అను కవల సోదరులు రేడియోతో నడుచు బొమ్మ విమానమును నిర్మించిరి. నేటి ట్రాన్స్‌మిటరు సెకనుకు 240 కోట్ల కంపనములుగల తరంగముతో మాట్లాడును. విమానములోని రిసీవరు ఆ మాట విని, సెకనుకు 50 మార్లు సర్వో అను చిన్న మోటారునకు సంజ్ఞ పంపును. ఒక్కొక్క సర్వో బరువు 9 గ్రాములు మాత్రమే. వీరి విమానమునకు సర్వోలు రెండు: ఒకటి తోకపలకను ఎత్తి దించునది, రెండవది చుక్కానిని త్రిప్పునది. ముందు చక్రమును త్రిప్పు మోటారు వేఱు. అది ఒక్కొక్క వోల్టునకు నిమిషమునకు 1000 చుట్ల చొప్పున తిరుగునట్టిది.

బ్యాటరీ విషయమున మాత్రము గృహిణులు కన్ను వేసియుండవలెను. లిథియం పాలిమరు బ్యాటరీలోని గదులు మూడు. ఒక్కొక్క గదికి 4.2 వోల్టులు మించరాదు. ఉబ్బిన బ్యాటరీని ఛార్జి చేయరాదు. పొయ్యిమీద పాలుంచి వీధిలోనికి పోనట్లే, ఛార్జి అగుచుండగా అచ్చటనుండి కదలరాదు. మా చెల్లెలు దానిని వంటింటి బండమీద తప్ప వేఱొకచోట పెట్టనీయదు. అది మంచి పద్ధతియే.

అన్నిటికంటె ముఖ్యమైనది తూకము. రెక్క ముందంచునుండి నాలుగవ వంతు మొదలు మూడవ వంతులోపల, అనగా ఇచ్చట రెండంగుళముల పైచిలుకు దూరమున, రెండు వ్రేళ్ళమీద ఎత్తినపుడు విమానము సమముగా నిలువవలెను. బతుకమ్మను పేర్చు చేతులకు ఇది చెప్పనక్కఱలేదు. తంగేడు ఒక ప్రక్క ఎక్కువైనచో పళ్ళెము ఎత్తగనే తెలియును గదా.

మేము చేరిన మఱునాటి ఉదయమున కోతలైన వరిమడికి అందఱమును పోయితిమి. కరెంటు తీగలు దూరముగా నున్నవి. కొయ్యకాళ్ళు మెత్తగా నున్నవి. 2021 ఆగష్టులో వచ్చిన డ్రోను నిబంధనల ప్రకారము పచ్చ మండలమని గుర్తించిన చోట 400 అడుగుల ఎత్తు వఱకు ముందుగా అనుమతి అక్కఱలేదు. ఆ పటమును డిజిటల్ స్కై యను వెబ్‌సైటులో చూచుకొనియే పిల్ల ఆ మడిని ఎంచుకొన్నది. విమానమును ఎప్పుడును గాలికెదురుగా విసరవలెను. గాలి ఎటునుండి వచ్చుచున్నదో తెలిసికొన పిల్ల రుమాలు పైకెత్తుచుండగా, మా చెల్లెలి అత్తగారు గట్టుమీదనుండి గుప్పెడు పొట్టు తీసి వదలినది. “తూర్పుకెల్లి వస్తున్నది బిడ్డా, సన్నగున్నది” అన్నది. అఱువదేండ్లు ధాన్యము తూర్పారబట్టిన చేయి అది.

తూర్పునకు విసరిరి. ప్రొద్దు కన్నులలో పడుచుండెను. విమానము మూరెడెత్తు లేచి, ముక్కు పైకెత్తి, ఒక్క క్షణము ఆగి, తలక్రిందుగా మడిలో గ్రుచ్చుకొన్నది. చక్రము రెండు తునకలైనది. మా చెల్లెలు ఏమియు అనలేదు; వెనుదిరిగి ఇంటివైపు నడచినది. పిల్ల ముఖము చూడలేక మేము చెఱకు తోటవైపు చూచుచుంటిమి.

మధ్యాహ్నమంతయు పిల్ల నోరు విప్పక పని చేసినది. తోక బరువైనందువలన ముక్కు లేచినదని కనుగొని, బ్యాటరీని ఒక అంగుళము ముందునకు జరిపినది. ముక్కును వేడి జిగురుతో అతికినది. రెండవ చక్రము పెట్టెలో ఉండనే యున్నది. ఒప్పందము ముగిసినట్లా, లేదా? మేము సాక్షులము గనుక తీర్పు మమ్ములను చెప్పుమనిరి. ఎగురుటకు ముందు పడినది ఎగురుటలోనికి రాదని మేము చెప్పితిమి. మా చెల్లెలు మమ్ములను చూచిన చూపు ఇప్పటికిని మఱవలేదు.

సాయంకాలము నాలుగున్నరకు గాలి ఇంకను తూర్పుదే. ఎండ వీపునకు వచ్చినది. ఈ మారు మావారు పరుగెత్తి విసరిరి. విమానము ఊగిసలాడుచు, తాటిచెట్టెత్తు, దానికి రెట్టింపు ఎత్తు పైకి పోయినది. దూరముగా పోవునపుడు నడపుట సులువు. మనవైపు తిరిగి వచ్చునపుడు కుడి ఎడమలు తాఱుమాఱగును. అప్పుడు దిగిన రెక్క ఏ వైపున కనబడునో ఆ వైపునకే మీటను త్రోయవలెనని పిల్ల ముందుగా కంఠస్థము చేసికొన్నది. రెండు మార్లు తడబడినది. రెండు మార్లును ఎత్తు చాలినంత ఉండుటచే రెక్కలు తామే సర్దుకొన్నవి. మడిలో కలుపు తీయువారు, గేదెల కాపరులు అందఱును తలలెత్తి నిలిచిరి. ఒకామె తమ సంఘమువారికి మందు చల్లు డ్రోను వచ్చునా అని మమ్ములనడిగినది. 2023 నవంబరు 30న ఆరంభమైన డ్రోను దీదీ పథకము క్రింద 15,000 మహిళా సంఘములకు డ్రోనులీయ నిశ్చయించిరని మేము చెప్పగా, “గిట్లనే ఎగురుతదా?” అని ఆమె మఱల ఆకాశమువైపు చూచినది.

ఆఱు నిమిషములకు గడియారము మ్రోగగా పిల్ల మోటారు తగ్గించినది. విమానము గట్టును తగిలి పొరలినది గాని ఏమియు విఱుగలేదు. మా చెల్లెలు అందఱికంటె ముందు పోయి దానిని ఎత్తి, రెక్కలో ఇఱుకుకొన్న గడ్డిపోచలను ఒక్కొక్కటిగా తీసినది. చదువు మాట అప్పుడెవ్వరును ఎత్తలేదు.

మఱునాడు మేము నిజాంసాగరు చూడబోతిమి. మంజీరపై 1923లో మొదలిడి 1931లో ముగించిన ఆ కట్టను నిర్మించిన నవాబ్ అలీ నవాజ్ జంగు బహద్దరు జన్మదినమును, జూలై 11ని, తెలంగాణమున ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారు. కట్టమీద గాలి విపరీతము. ఇచ్చట విమానము ఎగురదని పిల్ల తానుగానే చెప్పినది. తిరిగి వచ్చునప్పటికి మా చెల్లెలు కుట్టుమిషను ముందు పాత చీర పఱచుకొని కూర్చుండియున్నది. దుమ్ము పడకుండ రెక్కకు గలేబు కుట్టుచున్నదట.

“రెక్క పొడుగు నలభై ఆరే కదనే? కుట్టుకు ఇంకో రెండు వదులుతున్న” అని కూతునడిగినది.